వితౌట్ బండి

"వితౌట్" అన్న మాట తెలుగువాళ్ళకి కొత్త కాదు. టికెట్ కొనకుండా రైలెక్కినవాణ్ణి "వితౌట్‌లో వచ్చాడు" అంటాం. ఏది లేకుండా వచ్చాడో చెప్పం, చెప్పక్కర్లేదు. సరిగ్గా ఇదే మాటని, ఇలాగే తోక కత్తిరించి, బర్మావాళ్ళు బళ్ళకి వాడతారు. సుంకం కట్టకుండా, దిగుమతి లైసెన్సు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన మోటార్‌సైకిల్ అక్కడ "వితౌట్" బండి. నేను 2014-15లో ఒక బిల్లింగ్ సిస్టమ్ పని మీద యాంగోన్‌లో కొన్నాళ్ళున్నాను. యాంగోన్ అంటే మన పుస్తకాల్లో రంగూన్, ఉత్తరాంధ్ర పెద్దల నోట "రంగం". అక్కడ నేను నేర్చుకున్న నాలుగైదు మాటల్లో, నేర్చుకోకుండానే వచ్చేసిన మాట ఇదొక్కటే.

ఈ శీర్షికలో వితౌట్ బండి గురించి ఎందుకంటారా? పన్ను కట్టని బండిని పట్టుకోవడం ఇప్పుడు కంప్యూటర్‌కి చిటికెలో పని. కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది, సర్వర్ డేటాబేస్‌లో వెతుకుతుంది, కట్టలేదని తేలితే చలాన్ దానంతటదే పుడుతుంది. ఈ చిటికె వేసే ప్రోగ్రాములు రాసేవాళ్ళలో మనవాళ్ళు కొల్లలు. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్ళున్నారు, లండన్‌లోనూ, డాలస్‌లోనూ కూర్చుని రాసేవాళ్ళున్నారు. అందుకని నాకు తోచిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలనిపించింది. తప్పు దిద్దుకోవడానికి దారి లేనిచోట, పట్టుకోవడాన్ని సులువు చేసే సాఫ్ట్‌వేర్ వల్ల పన్నులు పెరగవు. పట్టుకునేవాడి చెయ్యి పొడుగవుతుంది, అంతే.

బాణం గుర్తు లేని బొమ్మ

ముందు యాంగోన్ సంగతి. 2003లో అప్పటి సైనిక ప్రభుత్వం నగరంలో చాలా భాగం మోటార్‌సైకిళ్ళని నిషేధించింది. ఎందుకన్నదానికి ఊళ్ళో రెండు మూడు కథలు తిరుగుతుంటాయి. ఎవరో కుర్రాడు బండి మీద వచ్చి ఒక జనరల్ గారి కారుకి అడ్డం పడ్డాడని ఒకటి, బండి మీద పోతూ కరపత్రాలు వెదజల్లారని ఇంకొకటి. కారణం ఏదైనా, యాభై లక్షల జనాభా దాటిన ఆసియా నగరంలో, పోలీసులవీ, తపాలా వాళ్ళవీ లాంటి కొన్ని బళ్ళు తప్ప మోటార్‌సైకిల్ కనపడకపోవడం మన కళ్ళకి వింతగా ఉంటుంది. మాండలే వెళితే సీను మొత్తం మారిపోతుంది, రోడ్డు నిండా అవే. యాంగోన్ నది దాటి అవతలి ఒడ్డున దలా వెళ్ళినా అంతే. పాన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కి కాసేపట్లో దిగితే, మోటార్‌సైకిల్ టాక్సీ వాళ్ళు చుట్టుముడతారు.

ఈ బళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? ఎక్కువ భాగం చైనా నుంచి మూసే సరిహద్దు మీదుగా, కొన్ని థాయిలాండ్ నుంచి మ్యావడీ మీదుగా. సుంకం, లైసెన్సు, రిజిస్ట్రేషన్ అన్నీ కడితే బండి ధర ఒకటి, ఏమీ కట్టకపోతే ఇంకొకటి. రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఈ రెండో ధరే అందుబాటులో ఉంటుంది. సరే, కొనేశాడు. తర్వాత నాలుగు డబ్బులు చేతిలో ఆడి, "ఇదిగోనయ్యా సుంకం, నా బండికి నంబరివ్వండి" అని ఆఫీసుకి వెళ్ళాడనుకోండి. దిగుమతి లైసెన్సు ఏదంటారు. అది లేకే కదా వచ్చింది!

కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళకి స్టేట్ డయాగ్రం గుర్తుండే ఉంటుంది. ఒక వస్తువు ఏయే స్థితుల్లో ఉండొచ్చో గుండ్రాలు గీసి, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి ఎలా వెళ్తుందో బాణాలు గీస్తాం. "కట్టనిది" అని ఒక గుండ్రం, "కట్టింది" అని ఒక గుండ్రం. మొదటిదాన్నించి రెండోదానికి బాణం ఉండాలి. వితౌట్ బండికి మామూలుగా ఆ బాణం ఉండదు. కట్టనిది నుంచి బయల్దేరే బాణం ఒక్కటే, అది "జప్తు" అనే గుండ్రానికి పోతుంది. ఇక యాంగోన్ నిషేధిత పేటల్లోనైతే పన్ను కట్టిన బండికీ అదే గతి.

బాణం గీస్తే ఏమవుతుందో అదే ఊళ్ళో, అదే రోజుల్లో నేను నా పని మీద చూశాను. సైనిక పాలనలో మొబైల్ సిమ్ కార్డు ధర 1500 డాలర్ల పైమాటే. మామూలువాడికి ఫోనే లేదు, ఉన్నవాడు అద్దెకి తెచ్చుకున్నదో, ఇంకొకరి పేరున ఉన్నదో. 2013లో రెండు విదేశీ కంపెనీలకి లైసెన్సులిచ్చారు. 2014లో సర్వీసు మొదలయ్యేటప్పటికి సిమ్ ధర 1500 చాట్లు, అప్పటి లెక్కలో డాలరున్నర. సిమ్‌ల దొంగ బజారుని ఎవరూ దాడిచేసి మూయించలేదు. దానంతటదే మూతపడింది. సక్రమమైన సరుకు చవగ్గా, సులువుగా దొరుకుతుంటే అక్రమ సరుకుతో ఎవరికి పని?

బండి కాయితం, మనిషి కాయితం

మా ఆఫీసులో జనరేటర్లు చూసుకునే ఆయన తెలుగాయన. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వడ్ల మిల్లులో పనికి వచ్చాడట. నేను "బాబాయ్" అనేవాణ్ణి, ఆయన "బాబూ" అనేవాడు. ఒక సోమవారం ఆయన మొహం వాడిపోయి ఉంది. ఏమైందంటే, ముందురోజు రాత్రి ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక, కొడుకు బండేసుకుని ఊరి పొలిమేర దాటి మందులకి వచ్చాడు. ఆపారు. బండి వితౌట్. తీసేసుకున్నారు. అది మూడేళ్ళు చీటీ పాడి కొన్న బండి.

వెళ్ళి అడగొచ్చు కదా, జరిమానా ఏదైనా కట్టి విడిపించుకోవచ్చేమో కదా అన్నాను. ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ మర్చిపోలేదు. "బండికి కాయితం నేదంటే బండి పోద్ది బాబూ. ఆడికెల్లి నిలబడితే నీ కాయితం ఏదీ అంటారు. అప్పుడు మనిసి పోతాడు."

ఈ మాట అర్థం కావాలంటే కొంచెం చరిత్ర కావాలి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులు. రేవులో సరుకు మోసేవాళ్ళలో తెలుగువాళ్ళదే పెద్ద సంఖ్య. గోదావరి జిల్లా కోరంగి రేవు పేరు మీద వాళ్ళని "కొరింగీ"లనేవారు. 1930 మే నెలలో ఆ తెలుగు రేవు కూలీల సమ్మె, దాని వెంటే వాళ్ళ మీద అల్లర్లు. 1942లో జపాన్ వాళ్ళొచ్చినప్పుడు లక్షలమంది కాలినడకన ఇండియా దారి పట్టారు. 1962లో నే విన్ వచ్చాక వ్యాపారాలు జాతీయం చేస్తే ఇంకో రెండు మూడు లక్షలమంది భారతీయులు వెళ్ళిపోయారు. ఎటూ పోలేక మిగిలినవాళ్ళ మీద 1982లో పౌరసత్వ చట్టం పడింది. 1823కి ముందునుంచీ అక్కడ స్థిరపడ్డ జాతుల వాళ్ళు పూర్తి పౌరులు, మిగతావాళ్ళలో కొందరు అనుబంధ పౌరులు, కొందరు దత్త పౌరులు. కార్డుల రంగులు కూడా వేరే. పూర్తి పౌరుడికి గులాబీ, అనుబంధ పౌరుడికి నీలం, దత్త పౌరుడికి ఆకుపచ్చ. ఏ రంగూ దక్కనివాళ్ళూ ఉన్నారు.

మా బాబాయ్ కొడుక్కి దరఖాస్తు పెట్టినట్టు రసీదు తప్ప కార్డు రాలేదు. తాత కాలం నుంచీ ఉన్న దేశంలో మనిషే వితౌట్. అలాంటివాడికి బండి పట్టుబడడమంటే బండితో ఆగే వ్యవహారం కాదు. ఒక రికార్డు అడిగితే దాని వెనక ఇంకో రికార్డు బయటపడుతుంది. మన భాషలో చెప్పాలంటే వాహనాల టేబుల్‌ని మనుషుల టేబుల్‌తో జాయిన్ చెయ్యడం. మనకది ఒక లైను క్వెరీ. ఆయనకి బండి మీద ఆశ వదులుకోవడం.

అయినా పట్టుకోవద్దా?

పట్టుకోవద్దని నేననడం లేదు. దీనికి అవతలి వాదన గట్టిదే. పన్ను కట్టని బండికి చాలాసార్లు ఇన్సూరెన్సూ ఉండదు. అది గుద్ది వెళ్ళిపోతే ఎవరిదో తెలీదు, దెబ్బ తిన్నవాడికి పరిహారం రాదు. దొంగిలించిన బండికీ, సుంకం కట్టని బండికీ తేడా తెలియదు. పైగా అన్నీ కట్టి నడుపుకునేవాడు వెర్రివాడైపోతాడు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మన ఊళ్ళలో చౌరస్తా దగ్గర "ఎంతో కొంత ఇచ్చి పో" అనే బేరాన్ని ఈ-చలాన్ చాలావరకు తగ్గించింది. యంత్రానికి లంచం ఇవ్వలేం. పేదవాడికీ, పలుకుబడి ఉన్నవాడికీ ఒకే కెమెరా.

కానీ యంత్రం ఒక్కటే పన్ను వసూలు చెయ్యదు. బ్రిటన్‌లో ఉన్న మిత్రులకి ఇది తెలిసే ఉంటుంది. అక్కడ 2014 అక్టోబర్ 1న కారు అద్దానికి అంటించే టాక్స్ బిళ్ళని తీసేశారు. కెమెరాలున్నాయి, డేటాబేస్ ఉంది, ఇంకా కాగితం ముక్క దేనికన్నారు. ప్రభుత్వం వాళ్ళ సర్వేలోనే 2013లో 0.6 శాతం ఉన్న ఎగవేత 2017 నాటికి 1.8 శాతమైంది. ఈ నాలుగేళ్ళలో బ్రిటన్‌లో ఉన్నట్టుండి దొంగలు మూడు రెట్లు పెరిగారా? ఆ బిళ్ళ రోజూ కళ్ళెదుట ఉండి గడువుని గుర్తుచేసేది. బండి అమ్మితే మిగిలిన పన్ను కొన్నవాడికి చేరడం కూడా అప్పుడే ఆగిపోయింది, అది తెలియనివాళ్ళూ చాలామందే. అంటే ఎగ్గొట్టినవాళ్ళుగా లెక్కకొచ్చిన వాళ్ళలో మతిమరుపు వాళ్ళూ, తెలియనివాళ్ళూ ఉన్నారన్నమాట. అయితే ఆ డిజైన్‌లో ఒక మంచి గుండ్రం కూడా ఉంది. బండి రోడ్డెక్కదని చెప్పి రాసిస్తే పన్ను కట్టక్కర్లేదు. కట్టకుండానే సక్రమంగా ఉండే స్థితి అది. మరిచిపోతే ఇంటర్నెట్‌లో నిమిషాల్లో కట్టొచ్చు. అక్కడ బాణాలు ఉన్నాయి కాబట్టి కెమెరా భయపెట్టదు, విసిగిస్తుంది.

మన దగ్గర కథ ఈ రెంటికీ మధ్యలో ఉంది. ఆంధ్రా నంబరు బండిని రైల్లో వేసుకుని బెంగుళూరు వెళ్ళినవాళ్ళని అడగండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటితే కొత్త నంబరు తీసుకోవాలి. ముందు పాత ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, తర్వాత కొత్త రాష్ట్రంలో మళ్ళీ లైఫ్ టాక్స్, ఆ తర్వాత పాత రాష్ట్రం నుంచి మిగిలిన పన్ను వాపసుకి అర్జీ. "లైఫ్" టాక్స్ అని పేరు పెట్టి, జీవితంలో రెండుసార్లు కట్టించుకుని, ఒకటి తిరిగిస్తామనడం! బాణం ఉంది, కానీ అది మూడు ఆఫీసుల చుట్టూ తిరిగొస్తుంది. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన బీహెచ్ సిరీస్ దీన్ని కొంత సరిచేసింది. రెండేళ్ళకోసారి పన్ను, రాష్ట్రం మారినా అదే నంబరు. కాకపోతే అది ప్రభుత్వోద్యోగులకీ, నాలుగు రాష్ట్రాల్లోనో అంతకన్నా ఎక్కువ చోట్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకీ మాత్రమే. అంటే మనలాంటివాళ్ళకి బాణం తిన్నగా గీశారు, బండి మీద కూరగాయలమ్ముకునేవాడికి పాత వంకర దారే.

దారి చూపిస్తే జనం కడతారనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. 2022 మార్చిలో పాత చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకి 75 శాతం తగ్గిస్తామంటే జనం ఎగబడి కట్టారు, వందల కోట్లు వసూలయ్యాయి. ఇలా మాటిమాటికీ తగ్గిస్తే మళ్ళీ తగ్గిస్తారని కూర్చుంటారు, అదీ నిజమే. అందుకే ఎప్పుడో పండక్కిచ్చే తగ్గింపు కాకుండా, ఏడాది పొడుగునా తెరిచి ఉండే దారి కావాలంటున్నాను.

అదే కెమెరా, వేరే జాబితా

ఇప్పుడు మళ్ళీ బర్మాకి రావాలి. 2020 డిసెంబర్‌లో రాజధాని నేప్యీడాలో, ఎన్నికైన ప్రభుత్వం ఉన్నప్పుడే, "సేఫ్ సిటీ" పథకం కింద 335 కెమెరాలు పెట్టారు. మొహాలూ, నంబర్ ప్లేట్లూ చదివి, జాబితాలో ఉన్నవాళ్ళు కనపడగానే చెప్పే కెమెరాలు. దొంగ బళ్ళనీ నేరస్థులనీ పట్టుకోవడానికే అన్నారు. సరిగ్గా రెండు నెలలు తిరక్కుండా, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. కెమెరా మార్చలేదు, కోడ్ మార్చలేదు. జాబితా రాసే చెయ్యి మాత్రం మారింది.

ఆ వారంలోనే ఇంకో విచిత్రం జరిగింది. ఆంగ్ సాన్ సూచీ మీద పెట్టిన మొదటి కేసు ఏమిటో గుర్తుందా? దేశద్రోహమూ కాదు, అవినీతీ కాదు. ఆమె ఇంట్లో లైసెన్సు లేకుండా దిగుమతి అయిన వాకీటాకీలు దొరికాయని! ఎగుమతి దిగుమతుల చట్టం కింద కేసు. 2022 జనవరిలో ఆ కేసులో శిక్ష కూడా వేశారు. సరిహద్దులో పట్టుబడ్డ వితౌట్ మోటార్‌సైకిళ్ళ మీద కేసు కట్టేదీ ఆ చట్టం కిందే. అందరూ ఎంతో కొంత అతిక్రమించక తప్పని చట్టం ఎంత పనికొస్తుందో చూశారా? మామూలు రోజుల్లో అది నిద్రపోతుంది. కావలసినప్పుడు, కావలసినవాడి ఇంటి ముందు లేస్తుంది. లక్షలమంది తప్పులో ఉన్నచోట, పట్టుబడింది తప్పు చేసినందుకా, ఇంకెందుకైనా కంటపడినందుకా అన్నది చెప్పలేం.

అది బర్మా కదండీ, మన దగ్గర అలా కాదు అనొచ్చు. సైన్యం సంగతి సరే. డేటా సంగతికొస్తే మన ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణ ప్రభుత్వం "సమగ్ర వేదిక" అని ఒక సిస్టమ్ చేయించింది. రకరకాల శాఖల రికార్డుల్ని, వాహనాల రికార్డులతో సహా, పేర్లూ అడ్రసులూ పోల్చి ఒక్కచోటికి చేర్చే సాఫ్ట్‌వేర్ అది. కారున్నవాళ్ళకి రేషన్ కార్డు దేనికన్నది ఆలోచన. ఆలోచనలో తప్పులేదు. 2024 జనవరిలో బయటికొచ్చిన ఒక పత్రికా పరిశోధనలో తేలిందేమిటంటే, హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు, దానికి దగ్గరగా ఉన్న పేరుతో కారున్న ఇంకొకాయన పేరుతో కలిసిపోయింది. ఆ ఇంటికి రేషన్ ఆగిపోయింది. 2014-2019 మధ్య తెలంగాణలో రద్దయిన కార్డులు 18 లక్షల పైచిలుకు. నోటీసైనా ఇవ్వకుండా రద్దు చేశారన్న కేసు సుప్రీం కోర్టు దాకా వెళితే, మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పాల్సొచ్చింది. వితౌట్ బండివాడికి బండి ఉంది, కాగితం లేదు. ఇక్కడ కాగితం ఉంది, బండే లేదు! రెండుచోట్లా నష్టపోయింది ఆఫీసుకెళ్ళి వాదించలేని మనిషే.

తెలుగు పేర్లతో, ఉర్దూ పేర్లతో డేటాబేస్ పని చేసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. ఇంటి పేరు ముందా వెనకా, "లక్ష్మి"కి ఎన్ని స్పెల్లింగులు, ఒక వీధిలో ఎంతమంది సయ్యద్‌లు... 95 శాతం సరిగ్గా పోలుస్తుందని డెమోలో చప్పట్లు కొట్టించుకుంటాం. కోటి ఇళ్ళ మీద మిగిలిన 5 శాతం అంటే అయిదు లక్షల ఇళ్ళు.

మన చేతిలో ఉన్నది

చట్టాలు మనం రాయం, నిజమే. క్లయింటు అడిగింది చేసిపెడతాం. కానీ డిజైన్ మీటింగులో కూర్చునేది మనమే. అక్కడ మూడు ప్రశ్నలు అడిగితే మన ఉద్యోగమేమీ ఊడదు.

ఒకటి: తప్పని తేల్చే స్క్రీన్ ఉన్నప్పుడు, దిద్దుకునే స్క్రీన్ ఏది? రెండూ ఒకే రిలీజ్‌లో రావాలి. రెండోది ఫేజ్ టూలో చూద్దామంటే అది ఎప్పటికీ రాదని మనందరికీ అనుభవమే.

రెండు: మెషీన్ "వీడే" అన్నాక, శిక్ష పడేలోపు ఒక మనిషి చూస్తాడా? కాదని చెప్పుకోడానికి అవతలివాడికి గడువుందా? చదువురానివాడు కూడా వెళ్ళి చెప్పుకోగల చోటుందా?

మూడు: పన్ను కోసం తీసుకున్న సమాచారం ఇంకెవరు ఏ టేబుల్‌తో జాయిన్ చెయ్యగలరు? ఎన్నాళ్ళుంటుంది? పన్ను కట్టాడా లేదా అన్నదానికి "అవును", "కాదు" అనే జవాబు చాలు. వారం పొడుగునా బండి ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేని సమాచారం దాచిపెడితే, ఎప్పుడో ఒకప్పుడు అది అక్కరున్నవాడు వస్తాడు. నేప్యీడాలో రెండు నెలల్లోపే వచ్చాడు.

ఇవి అడిగితే ప్రాజెక్టు కాస్త ఆలస్యమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అయినా పన్ను వసూలు చెయ్యడమే నిజంగా ఉద్దేశమైతే ఇవి దానికి అడ్డు రావు, సాయమే చేస్తాయి. కట్టే దారి సులువుగా ఉంటే ఎక్కువమంది కడతారు, తక్కువమందిని పట్టుకుంటే చాలు. ఈ మూడింటికీ జవాబు చెప్పడానికి క్లయింటు ఇష్టపడకపోతే మాత్రం, వాళ్ళకి కావలసింది పన్ను కాదేమోనని అనుమానించాలి.

మనలో చాలామందిమి కాగితాల మీద బతుకుతున్నవాళ్ళం. వీసా స్టాంపు, వర్క్ పర్మిట్, రెన్యువల్ రసీదు. ఒక తేదీ దాటితే మనమూ వితౌట్. దారిలో పడడానికి ఫలానా ఫారం, ఫలానా ఫీజు, ఫలానా గడువు అని రాసిపెట్టి ఉంది కాబట్టే ధైర్యంగా నిద్రపోతున్నాం. మనం రాసే ప్రోగ్రాముకి అవతల ఉన్నవాడికి కూడా ఆ మాత్రం నిద్ర దక్కాలి కదా, ఏమంటారు?